కెరటాల జాతకం

చిన్నతనంలో విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ఇసుక మీద కూర్చుని నాకు నేనే వేసుకున్న ప్రశ్న ఒకటుంది. గాలి వీస్తే నీళ్ళు కదులుతాయి. ఊరి చెరువులో కూడా కదులుతాయి. అందులో వింత లేదు. కాని కొబ్బరి మట్ట ఊగని కొన్ని సాయంకాలాల్లో, ఆకాశంలో మబ్బుతునక లేనప్పుడు, మనిషెత్తు కెరటాలు ఎవరో కొలిచి వదిలినట్టు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడేవి. అవి ఎవరు లేపిన అలలు? పెద్దవాళ్ళను అడిగితే, "సముద్రమన్నాక అలలుండవట్రా" అని నవ్వేసేవారు.

జవాబు చాలా ఏళ్ళ తరువాత, సముద్రశాస్త్ర చరిత్ర చదువుతుండగా దొరికింది. దొరికిన చోటు మాత్రం నేను ఊహించనిది. ఒక యుద్ధ కార్యాలయం, ఆపైన పలకల మీద నిలబడి అలలెక్కి ఆడుకునే కుర్రవాళ్ళ లోకం. ఈనాడు కాలిఫోర్నియాలోనో హవాయిలోనో సర్ఫింగుకు బయలుదేరేవాడు గడప దాటకముందే ఒక సూచన చూసుకుంటాడు. అల ఎత్తు, ఒక శిఖరానికీ మరో శిఖరానికీ మధ్య పట్టే సెకన్లు, అల వస్తున్న దిక్కు, స్థానికంగా వీచే గాలి, పోటుపాటుల వేళలు. తిథి వార నక్షత్ర యోగ కరణాల్లాగా ఇవీ ఐదే. పంచాంగం అనడానికి అభ్యంతరం ఉండకూడదు. ఆ అయిదింటిలో చూడడానికి అల్పంగా కనిపించే రెండవ అంగం, ఆ సెకన్ల లెక్క, మనుషులకు ఎలా చేతికొచ్చిందో చెప్పాలని ఈ టపా.

కథకు ముందు కొంచెం పరిభాష తప్పదు. గాలి తన కింద ఉన్న నీటిని రేపితే లేచేవి గాలి అలలు. అవి పొట్టివి, చిందరవందరగా ఉంటాయి, గాలి ఆగితే కాసేపటికి అణగిపోతాయి. పెద్ద తుఫాను విశాలమైన సముద్రం మీద రెండు మూడు రోజులు వీచినప్పుడు పుట్టే పొడవాటి అలలు అలా అణగిపోవు. తమను పుట్టించిన గాలిని వదిలి ప్రయాణం కడతాయి. ఇంగ్లీషులో వీటిని స్వెల్ అంటారు. నేను ప్రస్తుతానికి "దూరపు అల" అంటాను. ఆ దూరపు అల తీరం చేరినప్పుడు నీటి అడుగున పగడపు దిబ్బో రాతి తిన్నెయో తగిలి ఒక్కసారిగా పైకి లేచి విరిగితే ఆ చోటు రీఫ్ బ్రేక్. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొమ్ము చుట్టూ వంగి, ఒక చివర నుంచి మరో చివరికి అరటిపండు తొక్క ఒలిచినట్టు వరసగా విరుగుతూ పోతే పాయింట్ బ్రేక్. హవాయిలో ఓఅహు ద్వీపం ఉత్తరతీరాన ఉన్న పైప్‌లైన్ మొదటి రకం. కాలిఫోర్నియాలో మాలిబు, రింకాన్ రెండవ రకం. ఇసుక తీరంలో అడుగు తుఫాను తుఫానుకీ మారిపోతుంది. రాయి మారదు. అందుకే రీఫుల దగ్గరా కొమ్ముల దగ్గరా ఫలానా దిక్కు నుంచి ఫలానా అల వస్తే ఫలానా విధంగా విరుగుతుందని చెప్పడానికి వీలుంటుంది. జాతకం రాయాలంటే జన్మస్థలం స్థిరంగా ఉండాలి కదా!

ఇక కథ. 1943 డిసెంబరు 22. ఓఅహు ఉత్తరతీరంలో సన్‌సెట్ బీచి దగ్గర వుడీ బ్రౌన్ అనే ఆయన, డికీ క్రాస్ అనే ఇంకా ఇరవై నిండని కుర్రవాడు బరువైన కొయ్య పలకలతో నీళ్ళలోకి దిగారు. దిగేటప్పటికి అలలు పెద్దవే గాని అలవి కానివి కావు. లోపలికి వెళ్ళాక సముద్రం లేవడం మొదలైంది. ప్రతి గుంపూ ముందు గుంపు కన్నా పెద్దది. కాసేపటికి వచ్చిన దారి మూసుకుపోయింది; రెండు దిబ్బల మధ్య ఉన్న లోతైన కాలువలో సైతం కెరటాలు విరగడం మొదలైంది. ఒడ్డు ఎదురుగా కనిపిస్తూనే ఉంది, చేరే దారి లేదు. పడమరగా నాలుగైదు కిలోమీటర్ల దూరంలో వైమియా అఖాతం ఉంది. అక్కడ నీరు లోతు, ఎంత పెద్ద సముద్రమైనా మధ్యదారి తెరిచి ఉంటుందని నమ్మి ఇద్దరూ తెడ్డుల్లా చేతులాడించుకుంటూ అటు సాగారు. చీకటి పడే వేళకు చేరారు. వైమియా కూడా ఈ కొస నుంచి ఆ కొస దాకా మూసుకుపోయి ఉంది. బ్రౌన్ పలక పోగొట్టుకుని, సగం ప్రాణంతో ఒడ్డున వచ్చి పడ్డాడు. డికీ క్రాస్ మళ్ళీ కనిపించలేదు. ఆ తరువాత దాదాపు పద్నాలుగేళ్ళు, 1957 దాకా, వైమియాలో ఎవరూ సర్ఫింగు చేయడానికి సాహసించలేదు.

వాళ్ళకు సముద్రం తెలియక కాదు. బ్రౌన్ ఆకాళ్ళలో ఆరితేరినవాడు, గాలి వాటం తెలిసినవాడు, గ్లైడర్లు నడిపినవాడు. తెలియనిది ఒక్కటే: రెండు మూడు రోజుల క్రితం, వేల కిలోమీటర్లు ఉత్తరాన, ఎముకలు కొరికే చలిలో ఏ తుఫాను వీచిందన్నది. లెక్క ఇప్పుడు ఎవరైనా వేయవచ్చు. లోతైన నీటిలో దూరపు అలల గుంపు నడిచే వేగం, సెకనుకు మీటర్లలో, ఆ అల కాలాన్ని 0.78 తో గుణిస్తే వస్తుంది. ఇరవై సెకన్ల అల గంటకు 56 కిలోమీటర్లు పోతుంది. తుఫాను 3,500 కిలోమీటర్ల అవతల ఉంటే రెండున్నర రోజులు పైగా పడుతుంది. అంటే, ఆ కుర్రవాడి మృత్యువు రెండున్నర రోజుల ముందే బయలుదేరి, నిలకడగా, ఆగకుండా దారిలో నడుస్తూనే ఉంది. చూసే కన్ను ఆ తీరంలో లేదు.

చూసే కన్ను అదే సమయానికి మరోచోట తెరుచుకుంటోంది. నన్ను ఈ చరిత్రలో అన్నిటికన్నా కలవరపెట్టే విషయం ఈ సమకాలీనతే.

వాల్టర్ మంక్ 1917 లో వియన్నాలో పుట్టాడు. పద్నాలుగేళ్ళప్పుడు, ఇంటివాళ్ళు బ్యాంకు వ్యాపారం నేర్చుకొమ్మని అమెరికా పంపారు. వ్యాపారం అబ్బలేదు, కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రం చదివాడు. 1939 వేసవిలో లా హోయాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో చేరాడు. చేరడానికి కారణం సముద్రం మీద మక్కువ కాదట, తాను ఇష్టపడిన అమ్మాయి సెలవులకు ఆ ఊరు వస్తుందని. (మహాశాస్త్రాల వెనుక ఇలాంటి కారణాలు ఎన్ని ఉన్నాయో!) అక్కడ సంచాలకుడు హెరాల్డ్ స్వెర్‌డ్రుప్, నార్వే దేశస్థుడు, అముండ్సెన్ నాయకత్వంలో "మాడ్" ఓడ మీద ఆర్కిటిక్ మంచులో ఏళ్ళు గడిపినవాడు. గురుశిష్యులిద్దరూ పరదేశీయులే. యుద్ధం వచ్చాక స్వెర్‌డ్రుప్ బంధువులు నాజీల అధీనంలోని నార్వేలో ఉన్నారన్న అనుమానంతో కొన్ని రహస్య పరిశోధనలకు ఆయనను దూరంగా పెట్టారు. అదే దేశపు సైన్యం ఆఖరికి తీరం చేరే దారి కోసం ఆయన దగ్గరికే రావలసి వచ్చింది.

1942 లో మంక్ వాషింగ్టన్‌లో సైన్యం తరఫున పనిచేస్తున్నాడు. ఉత్తర ఆఫ్రికాలో, మొరాకో అట్లాంటిక్ తీరంలో సేనలను దించాలన్న ఆలోచన నడుస్తోంది. అమెరికా తూర్పు తీరంలో జరిగిన అభ్యాసాల్లో ఒక సంగతి అతని కంటపడింది: అలలు ఐదారడుగులు దాటితే బల్లపరుపు ముక్కున్న దింపుడు పడవలు అడ్డం తిరిగి బోల్తాపడుతున్నాయి, అభ్యాసం ఆపేస్తున్నారు. మొరాకో తీరపు పాత వివరాలు తీసి చూస్తే చలికాలంలో అక్కడ అలలు అంతకు మించే ఉండే రోజులే ఎక్కువ. పై అధికారికి చెబితే, ఎవరో చూసుకుంటారులే అన్న ధోరణి. అతను ఊరుకోలేదు, లా హోయా నుంచి స్వెర్‌డ్రుప్‌ను రప్పించాడు. గాలి ఎంత వేగంతో, ఎంత దూరం మీద, ఎన్ని గంటలు వీస్తే అల ఎంత ఎత్తవుతుంది. గాలిని వదిలాక దారిలో ఎంత తగ్గుతుంది. ఒడ్డు దగ్గర నిస్సారపు నీటిలో మళ్ళీ ఎంత లేస్తుంది. ఈ మూడు ప్రశ్నలకు వాళ్ళిద్దరూ గీతపటాల రూపంలో జవాబు తయారు చేశారు. సముద్రాన్ని చూసి అల చెప్పడం కాక, వాతావరణ పటాన్ని చూసి అల చెప్పడం అక్కడ మొదలైంది.

ఆ పనిలో ఒక చిన్న చిక్కు వచ్చింది. అల ఎత్తు ఎంత అన్నది అడిగి తెలుసుకోవలసింది పడవల సరంగులను. సరంగులు చెప్పే ఎత్తు అసలు సగటు కన్నా ఎప్పుడూ ఎక్కువే వచ్చేది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. చిన్న అలలు మనిషి మనసులో లెక్కకు రావు, పెద్దవే మిగులుతాయి. మంక్ సరంగుల స్వభావాన్ని మార్చడం కన్నా గణితంలో కొత్త కొలత పుట్టించడం సులభమని తేల్చుకున్నాడు. వరసలో ఉన్న అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడోవంతును తీసి వాటి సగటు కడితే సరంగు చెప్పిన సంఖ్యకు సరిపోయింది. ప్రపంచమంతటా నేటికీ ఓడలకూ జాలరులకూ సర్ఫర్లకూ చెప్పే అల ఎత్తు అదే. పేరులేని పడవవాళ్ళ కంటిచూపు ఒక శాస్త్రపు మూలస్తంభంలో ఇమిడిపోయింది. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇది.

1942 నవంబరు 8 న మొరాకో దింపుడు జరిగింది. అలలు భయపడినంత లేవు. అయినా చాలా పడవలు కెరటాల దెబ్బకు తీరంలోనే పాడయ్యాయి. తరువాత స్క్రిప్స్‌లో సుమారు రెండువందల మంది సైనిక వాతావరణ అధికారులకు ఈ విద్య నేర్పారు. వారిలో కొందరు ఇంగ్లండు చేరి 1944 లో నార్మండీ దింపుడుకు అలల అంచనాలు కట్టారు. జూన్ 5 అనుకున్నది గాలివాన వల్ల ఒకరోజు వాయిదాపడింది. జూన్ 6 న సముద్రం కష్టమే గాని అసాధ్యం కాదన్నది అంచనా. "కష్టం" అన్న మాటలో ఎంత ఉందో ఒక్క ఉదాహరణ: ఒమాహా తీరపు తూర్పు భాగంలో నీటి మీద తేలేలా తయారుచేసిన ట్యాంకులు 29 దింపితే 27 మునిగిపోయాయి. మరోపక్క, ఆ రోజు కాదనుకుని మళ్ళీ అనుకూలమైన పోటు కోసం రెండు వారాలు ఆగి ఉంటే, జూన్ 19 న మొదలైన పెను గాలివానలో చిక్కుకునేవారు. ఆ గాలివాన తీరంలో అప్పటికే కట్టిన అమెరికన్ల కృత్రిమ రేవును తునాతునకలు చేసింది. వీళ్ళ అంచనా వల్లే యుద్ధం గెలిచారని రాసేవాళ్ళున్నారు; నాకు అంత దూరం పోవాలనిపించదు. అయితే, పసిఫిక్‌లో తరావా దగ్గర 1943 నవంబరులో పోటు అనుకున్నంత రాక, పడవలు పగడపు దిబ్బ మీద ఇరుక్కుని, సైనికులు తుపాకుల ఎదుట వందల గజాలు నీళ్ళలో నడిచి చావవలసి వచ్చింది. దిబ్బ మీద నీరెంతో తెలియకపోవడం ఎంత ఖరీదో ఆ ఒక్క ఉదయం చెబుతుంది.

ఇంతవరకూ అల ఎత్తు సంగతి. సెకన్ల రహస్యం తేల్చినవాళ్ళు ఇంగ్లండులో, టెడింగ్టన్ అనే చోట నౌకాశాఖ ప్రయోగశాలలో, "గ్రూప్ డబ్ల్యూ" అన్న పేరుతో పనిచేసిన చిన్న బృందం. 1944 లో ఏర్పడింది. నార్మన్ బార్బర్, ఫ్రిట్జ్ ఉర్సెల్ అందులోవారు. కార్న్‌వాల్ తీరంలో సముద్రపు అడుగున ఒత్తిడిని కొలిచే పరికరం పెట్టి, వచ్చే కలగాపులగపు కదలికను వేర్వేరు కాలాల అలలుగా విడదీశారు. కలిసి మోగుతున్న వాద్యాల్లో వీణ ఏది, మృదంగం ఏది అని విడివిడిగా వినడం లాంటిది. అలా విడదీస్తే ఒక చక్కని సత్యం బయటపడింది. ఒకే తుఫానులో పుట్టిన అలల్లో పొడవాటివి ముందు వస్తాయి, పొట్టివి వెనుక. ఈ సూత్రం పంతొమ్మిదో శతాబ్దపు గణితవేత్తలు కాగితం మీద ఎప్పుడో రాశారు. నిజమైన సముద్రం ఆ కాగితాన్ని ఇంత బుద్ధిగా పాటిస్తుందని ఎవరూ అనుకోలేదు.

పరుగుపందెం ఊహించుకోండి. అందరూ ఒకేసారి బయలుదేరారు. మీరు గమ్యం దగ్గర మాత్రమే నిలబడ్డారు. మొదటివాడికీ ఆఖరివాడికీ మధ్య ఎడం తక్కువైతే పందెం చిన్నది, ఎక్కువైతే చాలా దూరం నుంచి వస్తున్నారు. అలలూ అంతే. పదివేల కిలోమీటర్ల అవతల పుట్టిన ఇరవై సెకన్ల అల ఏడున్నర రోజుల్లో వస్తుంది, పదిహేను సెకన్లది పది రోజుల్లో. ఒడ్డున కూర్చుని సెకన్లు ఎంత త్వరగా తగ్గుతున్నాయో రాసుకుంటూ పోతే, తుఫాను ఎప్పుడు, ఎంత దూరాన వీచిందో చెప్పవచ్చు, దాన్ని చూడకుండానే. బార్బర్, ఉర్సెల్ 1948 లో ప్రచురించిన వ్యాసంలో కార్న్‌వాల్ తీరానికొచ్చిన ఒక అలల గుంపును దక్షిణ అమెరికా కొన, కేప్ హార్న్ వైపు తుఫాను దాకా వెనక్కి నడిపించారు.

ఇది చదివినప్పుడు నా రామకృష్ణా బీచి సాయంకాలాలు గుర్తొచ్చాయి. తొందరపడకుండా మిగతా కథ చెబుతాను.

యుద్ధం ముగిశాక మంక్ ఈ దారినే పట్టాడు. 1950 ల మధ్యలో ఫ్రాంక్ స్నాడ్‌గ్రాస్ అనే పరికరాల నిపుణుడితో కలిసి మెక్సికోకు పడమరగా ఉన్న గ్వాడలూప్ ద్వీపం దగ్గర అతి సున్నితమైన కొలతలు తీశాడు. కిలోమీటరుకు కాస్త తక్కువ పొడవు, మిల్లీమీటరు స్థాయి ఎత్తు ఉన్న అలలను పట్టుకోగలిగారు. అలాంటి అల కింద నుంచి పోయినా చేపకు కూడా తెలియదు! వాటి దూరం లెక్కగడితే పసిఫిక్‌లో ఇమడలేదు. భూగోళంలో దాదాపు సగం చుట్టు వచ్చింది. పటం మీద దారి వెనక్కి గీస్తే అది ఆస్ట్రేలియాకూ అంటార్కిటికాకూ మధ్య సందులోంచి దూరి హిందూమహాసముద్రంలో తేలింది. మన సముద్రంలో వీచిన గాలి అమెరికా గడప దాకా నడిచి వెళ్ళిందన్నమాట.

అంతదూరం పోతూ అల ఎంత శక్తి కోల్పోతుంది? దీన్ని తేల్చడానికి 1963 లో న్యూజిలాండు నుంచి అలాస్కా దాకా, పసిఫిక్ మహాసముద్రాన్ని నిలువుగా చీల్చే ఒకే గీత మీద ఆరు కేంద్రాలు పెట్టారు. న్యూజిలాండులో కేప్ పాలిసర్, సమోవాలో టుటుయిలా, పామైరా దీవి, హవాయి, అలాస్కాలో యాకుటాట్. హవాయికీ అలాస్కాకీ మధ్య దీవి లేదు. అక్కడ "ఫ్లిప్" అనే వింత నౌకను నిలిపారు. 108 మీటర్ల పొడవున్న ఆ నౌక నీళ్ళు నింపుకుని నిట్టనిలువుగా లేచి, బుంగలా నిశ్చలంగా నిలబడేది. మంక్ భార్య జూడిత్‌నూ చిన్నపిల్లలనూ వెంటబెట్టుకుని సమోవాలో కాపురం పెట్టాడు. దక్షిణ సముద్రపు తుఫానుల అలలు ఒక్కో కేంద్రం దాటుతూ పోవడం వారాల తరబడి నమోదయింది. తుఫాను సమీపంలో తప్ప, ఆ తరువాత ప్రయాణమంతటా అలలు కోల్పోయేది దాదాపు ఏమీ లేదని తేలింది. భూమధ్యరేఖ దగ్గర వ్యాపార పవనాలు లేపే అల్లకల్లోలంలోంచి కూడా అవి తమ పని తాము చూసుకుంటూ పోయాయి. 1966 లో వచ్చిన ఆ వ్యాసానికి కర్తల్లో ఒకరు క్లాస్ హాసెల్‌మన్. అలలు ఒకదానితో ఒకటి శక్తిని ఎలా మార్చుకుంటాయో గణితంగా చెప్పినవాడు, నేటి కంప్యూటరు అంచనాలకు దారి వేసినవాడు, భూవాతావరణం మీద పరిశోధనకు 2021 లో నోబెల్ బహుమతి పంచుకున్నవాడు.

ఈ విద్య సర్ఫర్ల చేతికి రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా వాళ్ళ జ్యోతిషమంతా పత్రికలో వేసే వాతావరణ పటమూ, తీరరక్షకులకు ఫోనూ, అదృష్టమూ. 1985 లో కాలిఫోర్నియాలో సర్ఫ్‌లైన్ అనే సేవ మొదలైంది. డబ్బు కట్టి ఒక నెంబరుకు ఫోను చేస్తే అలల సూచన వినిపించేవారు. దానికి అంచనాలు కట్టినవాడు షాన్ కాలిన్స్. వాతావరణశాస్త్రంలో పట్టా లేదు. బాహా ఎడారి తీరాల్లో గుడారం వేసుకుని, రేడియోకు యంత్రం తగిలించి, న్యూజిలాండు ప్రసారం చేసే దక్షిణార్ధగోళపు వాతావరణ పటాలు దింపుకుని, వారం తరువాత ఏ కొమ్ము దగ్గర అల ఎలా విరిగిందో రాసుకుంటూ సొంతంగా నేర్చుకున్నాడు. వేసవిలో మాలిబుకు వచ్చే మంచి అలలు దక్షిణార్ధగోళపు చలికాలం తుఫానులవే. ఎదురుచూడవలసిన దిక్కు అదే. 2011 లో యాభైతొమ్మిదో ఏట పోయాడు.

పాత సర్ఫర్లకు ఈ ఫోను సేవ మీద కోపం వచ్చింది. ఏళ్ళ తరబడి ఉదయాలు ధారపోసి సంపాదించిన తెలివిని చిల్లర డబ్బులకు అమ్ముతున్నాడు, ఎవరూ ఎరగని తీరాలకు జనాన్ని తోలుతున్నాడు అని. అందులో న్యాయం లేకపోలేదు. కాని వైమియాలో చీకటి పడే వేళ చేతులాడించుకుంటూ పోయిన ఆ కుర్రవాడిని తలుచుకుంటే నేను ఫోను పక్షమే.

దిబ్బ దగ్గర సెకన్లెందుకు అంత ముఖ్యమో కూడా చెప్పాలి. నీటి లోతు తన పొడవులో సగానికి తగ్గినప్పటి నుంచీ అలకు అడుగు తగులుతుంది. ఎనిమిది సెకన్ల అల పొడవు సుమారు వంద మీటర్లు. యాభై మీటర్ల లోతు దాకా దానికి అడుగన్నది ఉందనే తెలియదు. ఇరవై సెకన్ల అల పొడవు 620 మీటర్ల పైన. మూడువందల మీటర్ల లోతులోనే అది తడుముకోవడం మొదలుపెడుతుంది. నిస్సారపు నీటిలో అల నెమ్మదిస్తుంది, లోతులో వేగంగా పోతుంది. ఆ తేడాతో వంగి, కొమ్ముల వైపూ దిబ్బల వైపూ శక్తినంతా పోగుచేస్తుంది, అగాధాల ఎదుట పలచబరుస్తుంది. స్క్రిప్స్ గుమ్మం ముందే నీటి అడుగున లోతైన లోయ ఉంది. మంక్ 1947 లోనే దాని ఆధారంగా ఈ వంపుల లెక్క చూపించాడు. ఒకే తీరంలో కొన్ని వందల మీటర్ల ఎడంలో ఒకచోట పిల్లలు ఆడుకునే అల, మరోచోట తాడెత్తు కెరటం ఎందుకుంటాయో దానివల్లే తెలిసింది. సముద్రమధ్యంలో రెండూ ఒకటిన్నర మీటర్ల అలలే కావచ్చు. దిబ్బ మీదికి వచ్చేసరికి ఎనిమిది సెకన్లది చిందర, పద్దెనిమిది సెకన్లది గోడ.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. ఇక్కడ సముద్రాన్ని చదవడం కొత్త విద్య కాదు. చెన్నపట్నానికి రేవు లేని రెండువందల ఏళ్ళకు పైబడిన కాలంలో ఓడలు దూరాన లంగరు వేసేవి. మనుషులనూ సరుకులనూ కెరటాల వరసలు దాటించి ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని ఒక వాదన. మేకు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టినవి. కెరటం కొట్టినప్పుడు విరగకుండా బుట్టలా వంగేవి. తండేలు చుక్కాని తెడ్డు పట్టుకుని వెనక్కి చూస్తూ, ఏ కెరటం పోనివ్వాలో దేని వీపు మీద ఎక్కాలో లెక్కబెట్టి కేక వేసేవాడు. కెరటాలు దాటరానంత ఉన్నప్పుడు ఒడ్డున జెండా ఎగరవేసి ఓడలకు తెలిపేవారు. దొరలు రాసుకున్న ప్రయాణకథల్లో ఈ దాటింపు భయమంతా ఉంటుంది. దాటించినవాడి పేరు ఉండదు. సరంగులకు మంక్ ఇచ్చినపాటి గౌరవం మన తండేళ్ళకు ఎవరూ ఇవ్వలేదు.

అయితే ఎంతటి తండేలైనా చూడగలిగింది కంటికి ఆనే కెరటాన్నే. 2005 మే నెలలో కేరళ తీరంలో తుఫాను లేదు, గాలి లేదు, ఆకాశం మామూలుగానే ఉంది. సముద్రం మాత్రం ఇళ్ళలోకి వచ్చింది. అక్కడి జాలరులు దీన్ని తరతరాలుగా "కళ్ళక్కడల్" అంటారు, దొంగలా వచ్చే సముద్రం అని. దక్షిణ హిందూమహాసముద్రంలో రోజుల క్రితం వీచిన తుఫానుల దూరపు అలలే ఆ దొంగ. ఆ జాలరుల మాటను యునెస్కో 2012 లో శాస్త్ర పరిభాషగా అంగీకరించింది. సముద్రానికి ఎటు చూసినా వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన హైదరాబాదులో, 1999 లో ఏర్పడిన ఇంకాయిస్ సంస్థ దేశపు తీరమంతటికీ అలల అంచనాలు కడుతుంది. కళ్ళక్కడల్ కోసం ప్రత్యేక హెచ్చరిక వ్యవస్థను 2020 లో ప్రారంభించింది. యుద్ధానికి పుట్టి, ఆటగాళ్ళ చేతుల్లో పెరిగిన విద్య, దాని అవసరం అందరికన్నా ఎక్కువున్న జాలరికి అందరికన్నా ఆఖరున అందింది. ఈ వరస నాకు మింగుడుపడదు.

నా ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. దక్షిణాన యాభై డిగ్రీల అక్షాంశం దగ్గర వీచిన తుఫాను విశాఖకు ఏడున్నర వేల కిలోమీటర్ల దూరం. పద్దెనిమిది సెకన్ల అలకు ఆరు రోజుల పైచిలుకు ప్రయాణం. కొబ్బరి మట్ట కదలని ఆ సాయంకాలం నా కాళ్ళ దగ్గర పడిన కెరటం, అంతకు ముందు వారం, మనిషి నివసించని సముద్రం మీద లేచినదన్నమాట. ఇప్పుడు ఎప్పుడైనా ఆ తీరానికి వెళితే ముందుగా చేతి గడియారం చూస్తాను. ఒక కెరటం విరిగిన దగ్గర నుంచి మరొకటి విరిగేదాకా లెక్కపెడతాను. పక్కనున్నవాళ్ళు వింతగా చూస్తారు. ఏడు, ఎనిమిది వస్తే ఇక్కడి గాలి. పదహారు, పదిహేడు వస్తే చాలాసేపు కూర్చుంటాను.

ఒక సందేహం మిగిలింది. మలయాళీలకు దొంగ సముద్రం అన్న మాట ఉంది. నేను ఈ టపా అంతా "దూరపు అల" అంటూ నెట్టుకొచ్చాను. అది నా కల్పన, చెవికి అంత బాగా లేదు కూడా. భీమిలి నుంచి బారువ దాకా, నిజాంపట్నం నుంచి కృష్ణపట్నం దాకా, గాలి లేనప్పుడు వచ్చే ఈ పొడుగాటి అలను వేటకు వెళ్ళేవాళ్ళు ఏమని పిలుస్తారో మీలో ఎవరైనా విని ఉంటే రాయండి. ఆ మాట పెట్టి టపాను మళ్ళీ దిద్దుతాను.